దిగడం ఉచితం

కుతైసీ నుంచి రెండు సూట్‌కేసులతో
తిబిలిసీలో ఈ తొమ్మిదంతస్తుల పెట్టెకు వచ్చిన రోజు
లిఫ్టు నన్ను మోయనంది.
తలుపు మూసుకుంది, బల్బు వెలిగించుకుంది,
అంతే, అలిగి కూర్చుంది.

మెట్లు దిగుతూ ఐదో అంతస్తు నజీబ్రోలా
నా పేరైనా అడక్కుండా అంది:
"దాని నోట్లో పది తెత్రీలు వెయ్యి.
ఇరవై వేస్తే మింగేస్తుంది, చిల్లర ఇవ్వదు.
పైకి పోవడానికే డబ్బు. దిగడం ఉచితం."
కొంగులాంటి ఏప్రన్ జేబులోంచి
ఓ నాణెం తీసి నా చేతిలో పెట్టింది.
అప్పని చెప్పడం మర్చిపోలేదు.

ఆ వారమంతా నాకు ఊరు
తలుపు సందుల్లోంచి అందింది.
రాత్రి పదయ్యాక తొమ్మిదో అంతస్తుకు నీళ్లెక్కవు,
తొట్టి నింపుకో.
చెవికి పచ్చబిళ్ల ఉన్న కుక్క కరవదు,
బిళ్ల లేని గోధుమరంగుది కూడా కరవదు కానీ
దానికి గొడుగంటే పడదు.
పొద్దున్నే "మాత్సోనీ" అని అరిచే మనిషి దగ్గర పెరుగు కొను,
సీసా తిరిగివ్వకపోతే మాత్రం
వీధంతా వినేలా నీ వంశం తవ్వుతాడు.
రొట్టెల బట్టీకి ఆరింటికి కాదు, ఆరూ పదికి వెళ్లు;
మొదటి వాయి ఎప్పుడూ బట్టీ కోపానికి బలి.

అందరూ ఒకే మాట చెబితే బాగుండు.
కింది అంతస్తు ఒమారీ
ఎప్పుడూ ఏదో ఒక కారు కింద పడుకుని
కాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడతాడు:
"నజీబ్రోలా మాట వినకు. నీళ్లు పదకొండు దాకా వస్తాయి.
ఆమె గడియారమే ముందు నడుస్తుంది."
పైనుంచి కిటికీలోంచి జవాబు:
"నా గడియారం కాదురా, నీ కార్లే వెనక నడుస్తాయి!"
ఎవరిది నిజమో తేలక
నేను రెండుసార్లూ తొట్టి నింపుకున్నాను.

పళ్ల డాక్టరు దగ్గరికి దారి అడిగితే
"సినిమా హాలు దగ్గర దిగు" అంది నజీబ్రోలా.
మినీబస్సులో కూర్చుని
పోస్టర్ల కోసం, టికెట్ల కిటికీ కోసం చూస్తూ చూస్తూ
ఆఖరి స్టాపుకి పోయాను.
డ్రైవరు ఇంజను ఆపి, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ
"మందుల షాపు దాటొచ్చావమ్మా" అన్నాడు.
"నేనడిగింది సినిమా హాలు."
"అదే కదా చెబుతున్నాను."

దవడ పట్టుకుని తిరిగొచ్చి
ఐదో అంతస్తు తలుపు బాదాను.
ఆమె నవ్వలేదు. రేగుపళ్లంతేసి పచ్చి ప్లమ్ములు
పచ్చడికి ఉడకబెడుతోంది.
పొయ్యి మంట తగ్గించి అంది:
"కూల్చి ఇరవై మూడేళ్లు.
పద్దెనిమిదేళ్లు ఆ గుమ్మంలో నిలబడి
నేను టికెట్లు చింపాను.
వేరే ఏ పేరు చెప్పమంటావు?"
లవంగనూనెలో ముంచిన దూది నా పంటికింద పెట్టింది.
అప్పుడు మాత్రం అప్పు ఊసెత్తలేదు.

నిన్న సాయంత్రం లిఫ్టు ముందు
ఓ కొత్త మనిషి, పేరు తోర్నికే,
భుజాన చాప చుట్ట, వేలు పట్టుకుని చిన్న కూతురు.
మీట మీద మీట నొక్కుతున్నాడు.
నా నోరు నన్ను అడక్కుండానే మొదలెట్టింది:
"పది తెత్రీలు. ఇరవై వేస్తే మింగేస్తుంది."
నాణెమిచ్చాను. అప్పన్నాను.
బడి ఎక్కడని అడిగాడు.
"తిన్నగా పోయి సినిమా హాలు దగ్గర దిగు,
పక్క సందే."

పిల్ల తలెత్తి అడిగింది:
"ఇప్పుడు ఏం సినిమా ఆడుతోంది?"

నేను ఏడు నొక్కబోయిన వాళ్ల చెయ్యి ఆపి
ముందు ఐదు నొక్కాను.