చెడగొట్టు మంచు

రాత్రి పన్నెండుకు మాల్ మూసినంక
నా పొద్దు పొడుస్తది.
జాకెట్ జిప్పు గొంతుదాకా లాగి
కంప్రెసర్ మీట వేస్త.
కప్పు కింది గన్నులు ఒక్కొక్కటే దగ్గి
తెల్లగ ఊదుడు మొదలుపెడ్తయి.
ఎనిమిదేండ్లాయె
దుబాయ్‌ల నేను మంచు కురిపించబట్టి.

గోడ అవతల మార్చి ఉక్కపోత,
గోడ ఇవతల మైనస్ ఆరు.
నడుమ ఒక తలుపు.
దాని రబ్బరు అంచు అరిగితె మార్చే పని కూడ నాదే.

జారుడు పెంబా నేర్పిండు.
ఎవరో వదిలిపోయిన బూట్లు,
ఎడమది ఒక సైజు పెద్దది, దానికి మూడు సాక్సులు.
"మోకాళ్ళు వంచు లింబాద్రీ, నేలను నమ్ము" అన్నడు.
నాట్లప్పుడు బురదల దిగిన కాళ్ళివి,
జారకుండ నడిచుడు పుట్టుకతోనే వచ్చు.
జారుకుంట నిలబడుడే
రెండేండ్లు పట్టింది.

నాలుగు వందల మీటర్లు, అంతే నా కొండ.
పదకొండు మలుపులు, కింద గోడ,
గోడ మీద పెయింటుతోని గీసిన దేవదారు చెట్లు.
వాటి మీద ఎప్పుడూ ఒకటే పొద్దుగూకుడు.
నా మంచుకు నీళ్ళ ట్యాంకు వాసన.
ఏ మోటరు ఊదకుండ
దానంతట అది పైనుంచి దిగే మంచు
ఎట్లుంటదో నాకు తెల్వది.
చప్పుడే ఉండదట.

టికెట్టు తీసుకున్న.
జార్జియాల గుడౌరి అని ఒక కొండ.
పైసలు వాపసు ఇయ్యని టికెట్టు.
లీవు మాత్రం, రంజాన్ పండుగ రద్దీ ఒడిసినంకనే
అన్నడు శశీంద్రన్ సారు.
అట్లట్ల ఏప్రిల్ అయిదు అయ్యింది.
అప్పటికి అక్కడి మంచు
పెండ్లి అయిపోయిన పందిరి.

లేవంగనే ఒకసారి, పండుకునే ముందర ఒకసారి
ఫోన్ల చూస్త.
నిన్న ముప్పై రెండు సెంటీమీటర్లు. ఇయ్యాల ముప్పై.
లిఫ్టు స్తంభాల కాళ్ళకాడ
చిన్న చొక్కా తొడిగిన పిల్లగాని పొట్ట లెక్క
మట్టి బయటపడ్డది.
"వసంతపు మంచు పొద్దుగాల పలక,
పగటీలికి పెరుగన్నం" అంటడు పెంబా.
అయినా ఒక్కో ఏడు
గొడుగు మర్చిపోయి తిరిగొచ్చిన సుట్టం లెక్క
ఆఖర్న ఒకటి పడ్తదట,
మోకాలి లోతు.
దానికోసమే మొక్కుతున్న.

శుక్రవారం గంగామణి ఫోను.
బాల్కొండ కాడ కల్లంల పసుపు ఉడకబెట్టి ఆరబోసిన్రు.
"మబ్బు పట్టింది. చెడగొట్టు వాన పడ్తదేమో.
పోయినేడు గిట్లనే తడిసి కొమ్ము నల్లబడ్డది,
క్వింటాలుకు రెండు వేలు తెగ్గోసిన్రు.
యాదికున్నదా?"

నాకు నోట మాట రాలే.
నేను అడిగేది కూడ అదే గద,
కాలం గాని కాలంల
ఒక చెడగొట్టు మబ్బు.
ఆమె వద్దన్నదాన్ని
పేరు మార్చి నేను రమ్మంటున్న.
ఒక్క ఇంట్లకెళ్ళి
ఆకాశానికి రెండు మొక్కులు.

దాచలే, చెప్పిన.
అటుపక్క కొంచెంసేపు
టార్పాలిన్ గుంజే చప్పుడు తప్ప ఏం వినరాలే.
తర్వాత నవ్వింది.
"నీ మంచు ఎక్కడ, నా పసుపు ఎక్కడ!
ఇంకో రెండు రోజుల ఎండ కావాలె నాకు.
నీ మబ్బును అందాక ఆపు,
ఆ తర్వాత నీ ఇష్టం."

ఆపే మీట నా చేతులనే ఉన్నట్టు అన్నది.
ఉన్నట్టే నేను ఊకొట్టిన.

రెండు రోజులు మంచు లెక్క చూడలే.
డ్యూటీ దిగినంక
స్కీలను బల్ల మీద బోర్లేసి,
ఇస్త్రీ పెట్టెతోని మైనం కరిగిచ్చి, రుద్దిన.
పెంబా తలుపు కాడ నిలబడి అడిగిండు,
"ఏమన్న పడ్డదా అక్కడ?"

"అడగకు" అన్న.
"పసుపు ఆరుతున్నది."