ఒకే సంచిలోది

సిందూరం రంగు పొడి.
మా పాట్స్‌క్వారో సరస్సు ఒడ్డున దాన్ని గ్రేతా అంటాం.
మొరేలియా నుంచి బస్సు టాపు మీద వస్తుంది.
సంచి చిన్నదే, ఇద్దరు పడితే గాని కదలదు.
మొక్కజొన్నలు తూచే త్రాసులోనే తూస్తాను.
ఇంకో త్రాసు ఎక్కడిది?

నీళ్లలో కలిపి, మోచేతి దాకా ముంచి తిప్పుతాను.
గరిటెకేం తెలుసు, చిక్కదనం వేళ్లకే తెలుస్తుంది.
మా అమ్మయితే నాలుక చివర వేసుకుని చూసేది:
తియ్యగా ఉందంటే మంచి సరుకేనట.
ఆఖర్న ఆమె మణికట్లు వాలిపోయాయి,
దండెం మీది తడిబట్టల్లా.
వాతం అన్నారు. వాతమనే పాతిపెట్టాం.

మొన్న నర్సు యునువేన్ వచ్చింది, చేతిలో చిన్న యంత్రం.
కారు బ్యాటరీల్లోకీ గాజులోకీ పోయేది ఈ పొడేనట,
అక్కడ ముసుగులూ చేతొడుగులూ ఉంటాయట.
మా బట్టీ వంటింటి వెనకే.
గాలి తిరిగితే పొగ రొట్టెల మీదికి వస్తుంది.

అన్సెల్మో వేలు గుచ్చి చుక్క పిండింది.
మూడు నిమిషాలు ఆగమంది.
మూడు నిమిషాల్లో నేను ఆరు గిన్నెలు ముంచగలను.
ఆగాను.
అంకె రాలేదు.
"ఎక్కువ" అని ఒక్క మాట వచ్చింది.
ఎంత ఎక్కువ అంటే, దీని లెక్కకు అందనంత, అంది.
వాడికి ఎనిమిదేళ్లు. వారాల పేర్లు చెప్పమంటే
బుధవారం దగ్గర ఆగి కిటికీలోంచి చూస్తాడు.

సీసం లేని పూత కూడా ఇచ్చి వెళ్లింది, తెల్ల డబ్బాలో.
దానికి మంట ఎక్కువ కావాలి.
రెండింతలు పైన్ కట్టెలు మింగి
గిన్నెలు జ్వరం వచ్చిన నాలుకల్లా బయటికొచ్చాయి.
కొనేవాడు గోటితో మీటి పక్కన పెట్టాడు.
మెరవని గిన్నెకు బేరం కూడా ఆడరు.

ఆదివారం సంతలో ఒక పిల్ల ఆగింది,
వచ్చే వారమే పెళ్లి.
పాత సరుకులోంచి పెద్ద మూకుడు ఎత్తి
అందులో తన ముఖం చూసుకుంది.
మోలే వండాలంది:
ఎండుమిరప, టమాటా, పొద్దంతా పొయ్యి మీద.
పులుపు తగిలితే సీసం కూరలోకి దిగుతుందని
యునువేన్ చెప్పిన మాట గొంతుకు అడ్డం పడింది.
నాలుగు వందల పెసోలు. అన్సెల్మో చెప్పులు. కట్టెల బాకీ.
"వండకు తల్లీ, గోడకు తగిలించుకో" అన్నాను.

నవ్వింది.
గోడకు తగిలించడానికి మూకుడెవరు కొంటారు?
కింద పెట్టేసి పక్క దుకాణానికి వెళ్లింది.

అది మా చెల్లెలు క్రెసెన్సియాది.
అక్కడా అదే మెరుపు.
పోయిన నెల సంచి సగం సగం పంచుకున్నాం,
నా త్రాసులోనే.