వీలైనంత

ఆ మాట రాసుకొచ్చింది నేనే.
కోటు లోపలి జేబులో, నాలుగు మడతలు పెట్టి:
"దుమ్మును వీలైనంత మేరకు తొలగించవలెను."
మా సంఘం లాయరు దాని కింద రెండు గీతలు గీశాడు.
ఈ ఒక్క మాట లోపలికి దూరితే చాలు, వోయ్ట్‌కేవిచ్,
మిగతాదంతా వాళ్ల ఇష్టం వచ్చినట్టు రాసుకోనీ.

విస్కాన్సిన్‌లో ఫిబ్రవరి.
పెళ్లిళ్లకు అద్దెకిచ్చే హాలు,
ఎవరి పెళ్లిదో కాగితపు గంట ఇంకా వేలాడుతోంది.
పిండి మిల్లుల వాళ్లొక వరస, పంచదార వాళ్లొక వరస,
అల్యూమినియం పొడి చేసేవాళ్లు విడిగా కిటికీ పక్కన,
తలుపులు చేసే మేం కాఫీ డబ్బా దగ్గర.
అందరిదీ ఒకటే మాట:
మా దుమ్ము వేరండీ.
మాది తడి. మాది ముతక.
మాది మనుషులు తినే వస్తువు.
ముప్పై ఏళ్లుగా ఏమీ కాలేదు.

ప్రభుత్వం తరఫున వచ్చినావిడ
కాగితాలకు పెట్టే క్లిప్పొకటి తీసి చూపించింది.
ఇంత మందం, ఇంతకు మించకూడదు, అంది.
వెనక ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను.

నా లెక్క అబద్ధం కాదు.
పీల్చే యంత్రం, కొత్త గొట్టాలు, పేలుడు బయటికి పోయే తలుపులు,
దూలాలు దులపడానికి ఏడాదికి నలభై వేలు.
పద్నాలుగు మంది జీతాలు.
వంటింటి బల్ల మీద మూడు రాత్రులు కూడాను దాన్ని,
ఎటునుంచి కూడినా అంతే వచ్చింది.

పంతొమ్మిదో నంబరు, చూ వాంగ్.
మా సాండింగ్ మిషను దగ్గర పనిచేసే చూ వాంగ్.
రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు,
కనుబొమల మీద మేపుల్ పొడి అలాగే ఉంది.
నా వైపు చూడలేదు.

దీపం మార్చడానికి దూలం మీదికి ఎక్కాను, అన్నాడు.
వేలితో మా అమ్మాయి పేరు రాశాను.
వారం తర్వాత చూస్తే పేరు పూడిపోయింది.
మళ్లీ రాశాను. మళ్లీ పూడింది.
పదకొండు సార్లు.
అంతే నేను చెప్పేది.

టైపు చేసే అమ్మాయి తలెత్తి అడిగింది:
ఆ పేరు, అక్షరం అక్షరం చెప్తారా?
చెప్పాడు. పా న్యా.
వెండి పువ్వని అర్థమట.

ఇరవయ్యో నంబరు నాది.

కాగితం మడతలు విప్పుతుంటే నవంబరు గుర్తొచ్చింది.
గొట్టంలో చిన్న నిప్పురవ్వ, టప్పున ఒక చప్పుడు,
రేకులు అదిరి
దూలాల మీంచి దుమ్ము పరదాలా దిగింది, మెల్లగా,
ఎండలో బంగారంలా.
ఆ పరదా దిగేలోపు రవ్వ ఆరిపోయింది, అంతే తేడా.
అందరం నవ్వేసి పిజ్జా తెప్పించుకున్నాం.
పుస్తకంలో ఎవరం రాయలేదు.
నివురు గప్పిన నిప్పంటారు,
మా దగ్గర నివురే నిప్పు.
తలా పిడికెడు పోగేసుకున్నాం.

లెక్కలన్నీ చదివాను, ఒక్కటీ వదల్లేదు.
చిన్న మిల్లులకు మూడేళ్ల గడువు అడిగాను,
తక్కువ వడ్డీకి అప్పు అడిగాను.
తర్వాత, ఆ 'వీలైనంత' కొట్టేయండి, అన్నాను.
దాని మందం ఎంతో నాకు తెలియదు.
'దూలం రంగు కనిపించేంత' అని రాయండి.
లాయరు కోటు చెంగు లాగాడు.
పంచదార వరసలో ఎవరో కుర్చీ జరిపారు.

బయట చూ వాంగ్ కారు అద్దం మీది మంచు గీకుతున్నాడు.
సోమవారం నాకు షిఫ్టు ఉందా, అని అడిగాడు.
ఉంది, అన్నాను.
గీకడం ఆపలేదు. నమ్మాడో లేదో.

నియమం ఇంకా రాలేదు.
రెండేళ్లు పట్టొచ్చట, నాలుగూ పట్టొచ్చట.

సోమవారం నిచ్చెన నేనే ఎక్కాను.
వేలు పెడితే గోరు మునిగింది.
గోరంతే కదా అని ఎన్నేళ్లు అన్నానో.
తడిగుడ్డతో ఒక జానెడు తుడిచాను.

ఆకుపచ్చ.
మా నాన్న వేయించిన రంగు.
నేను ఇరవై రెండేళ్లుగా
బూడిద రంగనుకుంటున్నాను.