ఏరివేత

ఎనిమిది వందల మీటర్ల లోతులో
ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసిన లుబొమీర్‌కి
చీకట్లో రకాలు తెలుసు.

ఓస్త్రవాలో గని మూసేశాక
ఆఫీసు సామాను కిలోల లెక్కన అమ్ముతుంటే
ఈ వెబ్‌క్యామ్ కొన్నాడు.
ఆఖరి మీటింగులో అందరి మొహాలూ చూసింది ఇదే.

వంటింటి బల్ల మీద దాని మరలు విప్పాడు.
పంటికింద రాయంత లెన్సు,
తిప్పి తీసి ఉప్పుగిన్నెలో పెట్టాడు.
పాత ఫిల్ము రీలు డబ్బా అడుగు కోసి అతికిస్తే
కొలిచి కుట్టినట్టు కూర్చుంది
టెలిస్కోపు మెడలో.
అతుకు బలం సగం టేపుది, సగం అతని తిట్లది.

మొదటి రాత్రి తెరంతా నలుపు.
రెండో రాత్రీ అంతే.
"నీకు అలవాటేగా" అంది ద్రహోమీర
భుజాల మీద దుప్పటి కప్పుతూ.

మూడో రాత్రి ఒక మూలనుంచి
శని వచ్చాడు,
మరిగే నీళ్లలో గుడ్డుసొనలా వణుకుతూ,
ఉంగరం ఒకసారి ఉండీ ఒకసారి లేకా.
సరిచేసేలోపే అవతలి అంచు దాటిపోయాడు.
భూమికి ఇంత తొందరుందని
దాని కడుపులో ఉన్నన్నాళ్లూ తెలియలేదు.

పదకొండు వందల నలభై బొమ్మలు.
మంచివి ఏరి ఒకదానిమీద ఒకటి పేర్చాలట.
లుబొమీర్‌కి అన్నీ మంచివే.
ఆమె కుర్చీ లాక్కుంది.
ఒకప్పుడు గని పైన, కదిలే బెల్టు పక్కన నిలబడి
బొగ్గులోంచి రాళ్లు ఏరిన చేయి అది.

"రాయి. రాయి. రాయి.
ఇదుగో, బొగ్గు.
రాయి."

కిటికీ తెల్లబడింది.
ఇంకా నాలుగొందలున్నాయి.