బూట్లు తొడుక్కుని

చలికాలం, మంగళవారం రాత్రి.
కల్లోని ఖాతం ఒడ్డున బడిలో
పిల్లల బెంచీల కింద మోకాళ్ళు పట్టక
ఆరుగురం పెద్దవాళ్ళం.
బస్సు నడిపే స్ట్రాటిస్, రొట్టెల ఇగ్నాతిస్,
గోళ్ళ సందుల్లో పొలుసులతో నేను.

ప్రోకోపిస్ మాస్టారు సుద్దతో పది గళ్ళు గీశాడు.
"దేని గురించి ఏ మాట అన్నా
వీటిలో ఒకదాంట్లో పడాల్సిందే, అన్నారు మన పాతవాళ్ళు."
నాకు నవ్వొచ్చింది.
ముప్పయ్యేళ్ళుగా నా పనీ అదేగా!
సార్డీన్ చేపల్ని వేలితో కొలిచి గంపల్లోకి విసరడం.
పెద్దవి ఉప్పుకి, చిన్నవి వేపుడికి,
పొట్ట పగిలినవి పిల్లులకి.
ఏ గంపకీ చెందని చేప ఒకటి
రోజూ చేతిలో మిగిలిపోతుందని
ఆయనకి చెప్పలేదు.

ఏమిటి? ఎంత? ఎలాంటిది? దేనికి ఏమవుతుంది?
ఎక్కడ? ఎప్పుడు? కూచుందా, నిలబడిందా?
ఏం చేస్తోంది? దానికేం జరుగుతోంది?
పదో గడి దగ్గర ఆగి
తన కాళ్ళకేసి చూపించాడు:
"ఒంటిమీద ఏముంది? అంటే, బూట్లు తొడుక్కుని ఉండటం."
స్ట్రాటిస్ పగలబడి నవ్వాడు.
ఇంత లోకానికి పదే గదులుంటే
అందులో ఒకటి జోళ్ళకా!

ఈ గళ్ళకున్న పేరు మాకు కొత్తది కాదు.
కోర్టు మెట్లెక్కిన ప్రతివాడికీ తెలుసు,
దాని పాత అర్థం నేరం మోపడం.
మొదటి గడిలో మాటా అంతే.
ఆయన 'అస్తి' అంటుంటే
నాకు 'ఆస్తి' అని వినపడింది.

నలభై ఆలివ్ చెట్లు, ఒక రాతి గోడ,
వణుకుతూ పెట్టిన అమ్మ సంతకం.
మిర్సిని, నా చెల్లెలు.
పదకొండేళ్ళుగా మాటల్లేవు.

ఆ రాత్రి నోటుబుక్కులో పది గళ్ళు గీసి
దాని మీద నా నేరాలన్నీ సర్దాను.
ఎంత: నలభైలో ఇరవై ఆరు.
ఎప్పుడు: అమ్మ పోయిన నలభయ్యో రోజున,
ఉడికించిన గోధుమలు ఇంకా నా దోసిట్లో ఉండగానే.
ఏం చేసింది: సర్వేయరుని పిలిచింది.
నాకేం జరిగింది: గడి చాల్లేదు,
పక్క పేజీ కూడా నిండింది.
దేనికి ఏమవుతుంది?
అక్కడ పెన్ను కదల్లేదు.

మళ్ళీ మంగళవారం.
"సగం లేకపోతే రెట్టింపు లేదు," అన్నాడు మాస్టారు,
"ఇవి జోడు మాటలు.
ఒకటి తుడిచేస్తే రెండోదీ చెరిగిపోతుంది."
చెయ్యెత్తాను, పిల్లలా.
"ఇద్దరూ ఉండి, మాట్లాడుకోకపోతే?"
సుద్దముక్కని వేళ్ళ మధ్య చాలాసేపు తిప్పాడు.
మా ఊరివాడే. ఆయనకీ తెలుసు.
"గుమ్మానికి అటొకటి ఇటొకటి పడున్నంత మాత్రాన..." అని
వాక్యం అక్కడే వదిలేసి
బోర్డు తుడవడం మొదలెట్టాడు.

బయట ఉప్పుగాలి, సన్నటి జల్లు.
ఏమిటి: ఒక ఆడమనిషి.
ఎక్కడ: రొట్టెల కొట్టు దాటాక మూడో గుమ్మం.
ఎలా: నిలబడి.
ఏం చేస్తోంది: ఇంకా ఏమీ లేదు.
లోపల దీపం. కుర్చీ జరిగిన చప్పుడు.
దగ్గు, అచ్చం అమ్మ దగ్గు.

ఇప్పుడు మాస్టారొచ్చి పరీక్ష పెట్టినా
ఒక్కటి మాత్రం తడుముకోకుండా చెబుతాను:
బూట్లు తొడుక్కుని ఉన్నాను.
తడిసిపోయాయి.
అది వేరే గడి.