సందెపూట

బైర్లూటి దారిలో, కల్వర్టు పక్కన
మూడుకాళ్ల స్టాండు మీద కెమెరా.
తెరలో నేలంతా బూడిద రంగు.
తవ్వి పూడ్చిన చోటు మాత్రం
పగలు ముందే కాగి, రాత్రి ముందే చల్లారి
తెల్ల మచ్చై, నల్ల మచ్చై దొరికిపోతుంది.

సందెపూట ఒక్క అరగంట
మందుపాతరా మన్నూ ఒకే వేడి.
అప్పుడేమీ కనపడదు.
అప్పుడే ఎనుములు ఇంటికి మళ్లుతాయి.

హుసేనమ్మ అరచేయి అడ్డంపెట్టి తెర చూస్తోంది.
కోయిలకుంట్ల చేలో వాళ్ల జేజి
వట్టి కాళ్లతో నడుస్తా అనేది:
"ఈడ యెవురో తవ్వినారు మే, మన్ను సల్లగుండాది."
ఏం పూడ్చారో ఎన్నడూ అడగలేదు.
ఆ యేడు ఆ మూల దున్ననియ్యలేదు.

కెమెరా చీకటి కోసం కాచుకుంది.
హుసేనమ్మ వంగి బూటు లేసు విప్పింది.
మళ్లీ ముడి వేసుకుంది.