ఎడమ ముంగాలు

మొదటిది టోలిచౌకి ఫ్లైఓవర్ మీద పోయింది.
రెండోది అత్తాపూర్ల, ఫంక్షన్ హాలు ముంగట,
పెండ్లికొడుకు దిగకముందే.
మూడోది యాడ పడ్డదో సుక్కికే తెల్వాలె.
ప్రతిసారీ అదే కాలు.

సుక్కి నడక నాకు చెవులకే ఎరుక.
నాలుగు చప్పుళ్ళల్ల ఒకటి మెత్తగైతే
సగం నిద్రల గూడ లేచి కూసుంట.
ఇంటాయన పోయినంక
ఈ గుర్రం, ధూల్‌పేటల రేకుల షెడ్డు,
బ్యాండోళ్ళ ఫోన్ నంబర్లు మిగిలినయి.
నంబర్లల్ల సగం కలుస్తలేవు.

దిష్టి అన్నది పక్కింటి సుభద్రాబాయి.
సీలలు పొట్టివన్నడు బ్యాండు మాస్టరు,
జన్మల సుత్తె పట్టనోడు.
సిమెంటు రోడ్ల తప్పన్నడు ఆటో యూనుస్.
నల్లదారం కట్టిన. పొడుగు సీలలు కొన్న.
రోడ్లనైతే ఏం జెయ్యలేకపోయిన.

నాల్‌బంద్ ఖైసర్ మియా బార్కస్ నుంచి
ఎక్సెల్ బండి మీద వస్తడు,
సుత్తె, పట్టకారు, ఆకురాయి గోనెసంచిల చుట్టుకొని.
డెక్కను మోకాళ్ళ నడుమ ఇరికించుకొని
పత్తర్‌గట్టిల ముత్యం చూసే సేటు లెక్క
ఒక కన్ను మూసి చూస్తడు.
నాలుగోసారి వచ్చిననాడు
సంచి ముడి గూడ ఇప్పలేదు.

"బాలామణీ, తప్పు లాడంది కాదు.
బ్యాండు ముంగట దీన్ని ఎట్ల ఆడిపిస్తరో చూసినవా?
కళ్ళెం గుంజి ముందరికి పోనియ్యరు,
ఎనకనుంచి చప్పట్లు కొట్టి తోలుతరు.
ముంగాలు లేచేలోపే ఎనకకాలొచ్చి
దాని లాడాన్ని తొక్కుతది.
ఊడినప్పుడల్ల ఇంత పెచ్చు లేస్తది.
మనం ఇంకో తూటు పొడుస్తం.
ఇగ చూడు, సీలకు జాగ యాడున్నది?"

బొటనవేలు పెట్టి చూపించిండు.
క్యాలెండర్ మేకు మాటిమాటికి ఊడే
మా గోడ లెక్కనే ఉన్నది.

"లాడం లేకుంట ఇడిసిపెట్టు. ఆరు నెలలు."
"మాఘం, ఫాల్గుణం, వైశాఖం పోతయి మియా.
అది నా యాడాది తిండి."
ఆయన పైసలు తీస్కోలేదు.
షెడ్డుల తడి ఉండనియ్యకని చెప్పి
బండి తన్నిండు.

దాచేదేమున్నది,
ఆ రాత్రే ఇంకోన్ని పిలిచిన.
వాడు అడిగినంత ఇచ్చిన, వాడు కొట్టిండు.
పదకొండో దినం మంగళ్‌హాట్ మలుపుకాడ
అదీ పోయింది.

ఎతుక్కుంట పోతె దొరికింది,
ఒక కిరాణం దుకాణం గడప మీద,
మూడు సీలలతోని, పసుపు కుంకుమలతోని.
లోపలంచు అరిగిన తీరు నాకు తెల్వదా?
"ఇది కొట్టినప్పటి సంది గిరాకి మంచిగున్నదమ్మా"
అని దుకాణపాయన చేతులు అడ్డం పెట్టిండు.
ఇయ్యడంట.
అర్ధకిలో బెల్లం పొట్లం గట్టిచ్చిండు, పైసలొద్దన్నడు.

పొట్లం పట్టుకొని చానసేపు నిలబడ్డ.
ఏలుతోని కదిలిచ్చి చూసిన.
ఈంచు కదల్లేదు.
కట్టె పెరగదు, అందుకే పట్టుకున్నది.
కట్టెను ఎవ్వరూ ఆడిపియ్యరు.

తెల్లారి ఖైసర్ మియాకు ఫోన్ చేసిన.
మిగిలిన మూడూ పీకేసిండు.
ఇంకోని పేరు అడగలేదు, అడిగినా చెప్పకపోదు.

ఇప్పుడు బరాత్‌లల్ల నేను
నెత్తిన లైటు పెట్టుకొని నడుస్తున్న.
ముంగట ఎవరిదో తెల్లగుర్రం ఆడుతుంటది.
జనమంత పెండ్లికొడుకును చూస్తరు.
నేను దాని ఎడమ ముంగాలు చూస్త.
మెడ నొస్తది. పైసలు తక్కువ.

సుక్కి డెక్క పెరుగుతున్నది,
నెలకు నా చిటికెనేలి గోరంత.
పొద్దుపొద్దుగాల పురానాపూల్ కింద
పొడి మన్నుల నడిపిస్త.
చప్పుడే ఉండదు.
తాడు చేతిలున్నా
ఎనక్కి తిరిగి చూస్త, వస్తున్నదా అని.
వచ్చి నా కొంగుల మూతి పెడ్తది.
బెల్లం అయిపోయిందని చెప్త.
నమ్మది.